సిట్టకోసారస్ నమూనా, 1:4 స్కేలు: రెండు కాళ్ళా నాలుగు కాళ్ళా? రంగేమిటి? తోక మీద ఏముండాలి?

బొమ్మలబడి:

నమస్కారం. జిల్లా సైన్స్ ప్రదర్శనకి తొమ్మిదో తరగతి పిల్లలు సిట్టకోసారస్ అనే చిలక ముక్కు డైనోసార్ నమూనా చేద్దామంటున్నారు. స్కేలు 1:4, అంటే బల్ల మీద పట్టే సైజు. చూడవచ్చినవాళ్ళు చేత్తో తడిమినా ఊడి రాకూడదు.

ఇబ్బందల్లా నెట్‌లో బొమ్మలు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉండడం. ఒకదాంట్లో నాలుగు కాళ్ళ మీద నడుస్తోంది. ఇంకోదాంట్లో నిటారుగా కూర్చున్నట్టు నిలబడి తోక నేలకి ఆనించింది. కొన్నిటికి తోక మీద మాత్రమే వెంట్రుకలు, కొన్నిటికి ఒళ్ళంతా ఈకలు. రంగులు ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా అన్నీ ఉన్నాయి.

నిలబడే తీరు ఏది సరైనది? చేతికి వేళ్ళెన్ని? మెడ వెనక కొమ్ముల డైనోసార్ ట్రైసెరటాప్స్‌కి ఉన్నట్టు చేట లాంటి ఎముక ఉండాలా? రంగుకి నిజంగా ఆధారం ఏమైనా ఉందా? ఏ పదార్థంతో చేస్తే మేలు? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దనుకుంటున్నాం, కింద పడితే ముక్కలవుతుంది.

శిలారేఖ:

మంచి జంతువునే ఎంచుకున్నారండి. ఊహ తక్కువగా, ఆధారం ఎక్కువగా పెట్టి చేయగలిగిన డైనోసార్లలో ఇది ముందు వరసలో ఉంటుంది. అయితే పని మొదలుపెట్టేముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఏ జాతి, ఏ వయసు? సిట్టకోసారస్ అనేది ప్రజాతి పేరు. దాని కింద పది దాకా జాతులున్నాయి, మంగోలియా, చైనా, సైబీరియాల్లో వందల కొద్దీ అస్థిపంజరాలు దొరికాయి. కాలం సుమారు 12.5 కోట్ల ఏళ్ళ నుంచి 10 కోట్ల ఏళ్ళ కిందటిదాకా. మీకు కనబడ్డ బొమ్మల్లో సగం తప్పులు ఒకదాని తల, ఇంకోదాని ఒళ్ళు, మూడోదాని వయసు కలిపేయడం వల్ల వచ్చినవే.

మొదట దొరికింది మంగోలియెన్సిస్ అనే జాతి. 1922లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ యాత్రలో బయటపడింది, 1923లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బోర్న్ పేరు పెట్టాడు. పెద్దదైతే 2 మీటర్ల పొడవు, 20 కిలోల పైన బరువు. మీ పనికి మాత్రం లుజియాటునెన్సిస్ అనుకూలం. చైనాలోని లియావోనింగ్ రాష్ట్రంలో లుజియాటున్ ఊరి దగ్గర దొరికే జాతి అది. 2023లో ప్రచురించిన ఒక నమూనాకి పొడవూ బరువూ రెండూ లెక్కగట్టి ఉన్నాయి: 119.6 సెంటీమీటర్లు, 10.6 కిలోలు. 1:4కి దించితే పొడవు దాదాపు 30 సెం.మీ. వస్తుంది. పిల్లలకి లెక్క కూడా తేలిక.

బరువు ఎందుకు కావాలంటే, బొమ్మ బక్కగా వచ్చిందా బొద్దుగా వచ్చిందా అని కంటితో చూసి చెప్పలేం. పొడవు 4 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 64 రెట్లు తగ్గుతుంది. జంతువు ఒళ్ళు సుమారుగా నీటి సాంద్రతే అనుకుంటే 10.6 లీటర్లని 64తో భాగించాలి, 166 మిల్లీలీటర్లు. మీ బొమ్మ ఘనపరిమాణం దీనికి దగ్గరగా ఉండాలి. నీళ్ళలో ముంచితే బొమ్మ పాడవుతుంది కాబట్టి సన్నటి పొడి ఇసుకతో కొలవండి. ఒక పెట్టె నిండా ఇసుక పోసి స్కేలుతో పైన చదును చేయండి. ఇసుక తీసేసి, బొమ్మ పెట్టి, అదే ఇసుక మళ్ళీ పోసి చదును చేయండి. మిగిలిన ఇసుకని కొలత గ్లాసులో పోసి చూస్తే అదే బొమ్మ పరిమాణం. 1962లో ఎడ్విన్ కోల్బర్ట్ డైనోసార్ల బరువులు లెక్కగట్టింది కూడా చిన్న నమూనాలు, ఇసుకతోనే. పెట్టెని తట్టకండి. తడితే ఇసుక కుదించుకుపోయి లెక్క తప్పుతుంది. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

ఇక నిలబడే తీరు. ఈ సైజుకి రెండు కాళ్ళే. ముంజేయి, భుజం కలిపిన చేతి పొడవు కాలి పొడవులో 58 శాతం. ఇది మంగోలియెన్సిస్‌లో కొలిచింది, దగ్గరి జాతి కాబట్టి వాడుకోవచ్చు. అంత పొట్టి చేతులు నేలకి ఆనవు. నాలుగు కాళ్ళ బొమ్మలు పూర్తిగా అబద్ధం కాదు, అవి పసిపిల్లలవి. 2013లో చావో చీ, మైకేల్ బెంటన్ బృందం వేర్వేరు వయసుల ఎముకల్ని పలుచగా కోసి పెరుగుదల వలయాలు చూశారు. ఒకటి నుంచి మూడేళ్ళ దాకా చేతులు వేగంగా పెరిగాయి, నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య కాళ్ళు దూసుకుపోయాయి. అంటే పుట్టినప్పుడు నాలుగు కాళ్ళ నడక, పెద్దయ్యాక రెండు కాళ్ళ నడక. మన పాపలు అంబాడి లేచినట్టే అనుకోండి.

రెండు కాళ్ళంటే నిటారుగా అని కాదు. వెన్ను నేలకి దాదాపు సమాంతరంగా, తోక గాలిలో, బరువంతా తుంటి మీద. తోక నేలకీడ్చే బొమ్మలు వందేళ్ళ కిందటి అలవాటు.

అరచేతులు కిందికి తిప్పకండి. మణికట్టు అలా తిరగదు. రెండు అరచేతులూ ఒకదానికొకటి ఎదురెదురుగా, చప్పట్లు కొట్టబోయేముందు ఉన్నట్టు ఉండాలి. చెయ్యి నోటి దాకా కూడా అందదు, అందుకని కొమ్మ పట్టుకుని తింటున్న భంగిమ పెట్టొద్దు. పొట్ట దగ్గర ఏదైనా రెండు చేతులతో పట్టుకోవడం, పక్కలు గోక్కోవడం వరకే వాటికి సాధ్యం. వేళ్ళు నాలుగు. నాలుగోది చిన్న మొటిమంత, గోరు లేకుండా చేయండి. ఐదోది లేదు. కాలికి నాలుగు వేళ్ళు, లోపలిది పొట్టి.

తల మీద శ్రద్ధ పెట్టండి, చూసేవాళ్ళు గుర్తుపట్టేది దాన్నే. పుర్రె పొట్టిగా, ఎత్తుగా ఉంటుంది. కంటి ముందు అంచు నుంచి ముక్కు కొన దాకా ఉన్న దూరం పుర్రె పొడవులో 40 శాతం లోపే. పై దవడ కొసన రోస్ట్రల్ అనే ఎముక, కింది దవడ కొసన ఇంకో ఎముక, రెండూ కలిసి చిలక ముక్కు. ముక్కు భాగంలో పళ్ళుండవు, వెనక చెంపల దగ్గరే. ప్రజాతి పేరుకి అర్థం కూడా చిలక బల్లి అనే. చెంప ఎముక రెండు పక్కలా కొమ్ములా పొడుచుకొస్తుంది. అందువల్ల పై నుంచి చూస్తే తల వెడల్పు దాదాపు పొడవంత కనబడుతుంది. పక్క నుంచి మాత్రమే చూసి చేస్తే తల చప్పిడిగా, నిజంగా చిలక తలలా వచ్చేస్తుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మెడ వెనక చేట లేదు. పుర్రె వెనక చిన్న గట్టు మాత్రం ఉంటుంది.

మక్కుపని:

ప్లాస్టర్ వద్దనుకోవడం సరైన ఆలోచన. ముక్కు, వేళ్ళు మొదటి రోజే విరుగుతాయి. కొండపల్లి బొమ్మలకి వాడే మక్కుతో చేయండి. రంపపు పొడి, చింతగింజల జిగురు చాలు. ఎండితే చెక్కలా గట్టిపడుతుంది, గరుకు కాగితంతో అరగదీయొచ్చు, బరువు తక్కువ.

ముందు తీగ. శిలారేఖ గారు చెప్పిన జాతి అస్థిపంజరం రేఖాచిత్రం పక్క వైపుది ఒకటి సంపాదించి, ముక్కు నుంచి తోక కొస దాకా వెన్ను వెంబడి సరిగ్గా 30 సెం.మీ. వచ్చేలా ప్రింటు తీయండి. వెన్నుకీ కాళ్ళకీ 10 గేజి జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ), చేతులకి 16 గేజి. తీగని ఆ కాగితం మీదే పెట్టి వంచండి. మోకాలు ముందుకి, మడమ వెనక్కి. మడమ నేలకి తగలదు, పక్షిలా వేళ్ళ మీదే నడక. పిల్లలు మడమని వెనక్కి వంగిన మోకాలు అనుకుని ఒక కీలు వదిలేస్తారు, కాలు మనిషి కాలులా తయారవుతుంది. తుంటి, మోకాలు, మడమ, వేళ్ళ మొదలు, ఈ నాలుగు వంపులూ ఉన్నాయో లేదో లెక్కపెట్టించండి.

ప్రతి కాలి తీగా పాదం కింద 3 సెం.మీ. మిగలాలి. అడుగుబల్లకి 18 మి.మీ. ప్లైవుడ్ తీసుకుని కన్నాలు చేసి, ఆ తీగల్ని కిందికి దింపి, అడుగున మడిచి మేకుతో బిగించండి. ఈ జంతువుకి తల పెద్దది, అందుకని బొమ్మ ముందుకే తూలుతుంది. తుంటి ఎక్కడుందో దానికి సరిగ్గా కింద పాదాలు రావాలి. ఒక పాదం కాస్త ముందుకి పెడితే నడకలా ఉంటుంది, నిలకడా వస్తుంది. తోకలో మక్కు బాగా పట్టించండి, సన్నగా చేస్తే తూకం తప్పుతుంది.

తీగ చుట్టూ పురికొస బిగుతుగా చుట్టాలి. ఉత్త తీగ మీద మక్కు నిలవదు, ఎండాక లోపలే గిరగిరా తిరుగుతుంది. పొట్ట, తొడల దగ్గర నలిపిన కాగితం పెట్టి దారంతో కట్టేయండి, లేకపోతే లోపల నెలరోజులైనా ఆరదు.

మక్కుకి: చింతగింజలు వేయించి పొట్టు తీసి మెత్తగా పొడి చేయండి. 100 గ్రాముల పొడిని ముందు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మొత్తం సుమారు లీటరు నీళ్ళలో సన్న సెగ మీద కలుపుతూ ఉడికించండి. గరిట నుంచి తీగలా జారే పాకం రావాలి. నేరుగా వేడి నీళ్ళలో పొడి పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు తర్వాత బొమ్మ మీద పొక్కుల్లా తేలతాయి. చల్లారాక, జల్లించిన రంపపు పొడి చపాతీ పిండి గట్టిదనం వచ్చేదాకా కలపండి. టీ జల్లెడలో దిగిన పొడే వాడండి, ముతకది ముఖానికి పనికిరాదు.

ఒక్కో పూత 4, 5 మిల్లీమీటర్లు మించొద్దు. ఒక పూత వేసి నీడలో ఒక రోజు ఆరనిచ్చి తర్వాతది. ఎండలో పెడితే పైన బిగుసుకుని లోపల తడి ఉండిపోతుంది, మర్నాటికి పొట్ట మీద నిలువునా చీలుతుంది. చీలికలొస్తే జిగురు ఎక్కువ వేసి పలచగా కలిపిన మక్కుతో పూడ్చండి. పూర్తిగా ఆరకుండా రంగు వేస్తే వారంలో బూజు పడుతుంది. వానాకాలమైతే నాలుగైదు రోజులు అదనంగా వేసుకోండి.

ఇసుక కొలత గురించి ఒక సంగతి. చివరి చర్మం పూత ఒక మిల్లీమీటరే అయినా ఇంత బొమ్మకి దాదాపు 25 మిల్లీలీటర్లు పెంచేస్తుంది. కాబట్టి లోపలి ఒళ్ళు 140 దగ్గరకి రాగానే ఆపి అప్పుడు చర్మం పూత వేయండి. పూర్తయ్యాక కొలిస్తే అప్పటికే 200 దాటి ఉంటుంది, తగ్గించడానికి అరగదీయక తప్పదు.

నీడరంగు:

రంగుకి ఆధారం ఉంది, అదీ చాలా గట్టి ఆధారం. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని సెంకెన్‌బర్గ్ మ్యూజియంలో ఎస్‌ఎంఎఫ్ ఆర్ 4970 అనే నంబరుతో ఒక సిట్టకోసారస్ ఉంది. లియావోనింగ్ రాళ్ళలోంచి వచ్చింది. చర్మం, రంగుకణాల జాడలు, తోక మీద వెంట్రుకల్లా నిలిచే ఈనెలు, మలద్వారం, చివరికి బొడ్డు మచ్చ దాకా మిగిలాయి. దాన్ని చైనా నుంచి తీసుకెళ్ళిన తీరు మీద వివాదం ఉంది. జాతి కూడా తేలలేదు. అందుకని మీ లేబుల్‌లో "ఎముకల కొలతలు లుజియాటునెన్సిస్‌వి, చర్మం వివరాలు ఫ్రాంక్‌ఫర్ట్ నమూనావి" అని రెండు ముక్కలుగా రాయించండి. న్యాయనిర్ణేతల్లో విషయం తెలిసినవాళ్ళుంటే ఆ వాక్యం విలువ వాళ్ళకి తెలుస్తుంది.

2016లో జేకబ్ వింథర్ బృందం ఆ రంగు జాడలు చూసి చెప్పింది ఇది: వీపు, పక్కలు గోధుమరంగు, ముఖం బాగా ముదురు, ముఖ్యంగా చెంప కొమ్ముల దగ్గర. పొట్ట, తోక అడుగుభాగం లేత. కాళ్ళ మీద చుక్కలు, చారలు. ఆకుపచ్చకీ ఎరుపుకీ ఆధారం లేదు.

పైన ముదురు, కింద లేత ఎందుకు? వెలుగు పై నుంచి పడితే వీపు తెల్లగా, పొట్ట నల్లగా కనిపిస్తుంది. ఆ తేడా వల్లే వేటాడే జంతువు కంటికి ఒళ్ళు గుండ్రంగా, విడిగా తేలుతుంది. వీపు ముదురై పొట్ట లేతగా ఉంటే రెండూ చెల్లిపోయి ఒళ్ళు చదునుగా, వెనకున్న ఆకుల్లో కలిసిపోయినట్టు కనబడుతుంది. మన జింకల్లోనూ ఇదే ఏర్పాటు. ముదురు నుంచి లేతకి రంగు ఎక్కడ మారుతుందనేది ఆ జంతువు ఉన్న చోటుని చెబుతుంది. బయలు ప్రదేశంలో నేరుగా ఎండ పడుతుంది కాబట్టి మార్పు పక్కల్లో పైనే, గీత గీసినట్టు ఉండాలి. చెట్ల నీడలో వెలుగు అన్ని వైపుల నుంచి చెదిరి వస్తుంది కాబట్టి మార్పు బాగా కిందికి, మెల్లగా జరగాలి. సిట్టకోసారస్‌లో రెండో రకం కనబడింది. అంటే దట్టమైన చెట్ల కింద బతికింది.

ఈ ప్రయోగాన్ని మీ పిల్లలు బొమ్మతోనే చేయొచ్చు. చిత్రకారుడు బాబ్ నికల్స్ చేసిన నిలువెత్తు నమూనాతో ఆ బృందం చేసింది ఇదే. రంగు వేయకముందు బొమ్మకంతా ఒకే బూడిదరంగు, మెరుపు లేనిది, పూయండి. మబ్బు పట్టిన రోజున గుబురైన చింతచెట్టు కిందో మామిడి కిందో పెట్టి పక్క నుంచి ఫొటో తీసి, ఫోన్‌లో నలుపు తెలుపుకి మార్చండి. పొట్ట మీద నీడ ఎక్కడ మొదలైందో, ఎంత మెల్లగా ముదిరిందో కాగితం మీద గీసుకోండి. తర్వాత మిట్టమధ్యాహ్నం మైదానంలో ఇంకో ఫొటో. రెండిటి తేడా కళ్ళకి కడుతుంది. ఇక చెట్టు కింది ఫొటోలో ఎక్కడ నీడ పడిందో అక్కడ లేత రంగు, ఎక్కడ వెలుగు పడిందో అక్కడ ముదురు వేయండి. రంగు వేశాక అదే చెట్టు కింద మళ్ళీ నలుపు తెలుపు ఫొటో తీస్తే బొమ్మ చదునుగా అనిపించాలి. అలా అనిపిస్తే రంగు కుదిరినట్టే. మూడు ఫొటోలూ బొమ్మ పక్కన అతికించండి, బొమ్మకన్నా వాటికే ఎక్కువ ప్రశ్నలొస్తాయి.

మెరిసే ఎనామిల్ వాడొద్దు. వీపు మీద తళుకు వచ్చి ఈ లెక్కంతా చెడుతుంది. అక్రిలిక్ చాలు, పైన మ్యాట్ వార్నిష్. ముదురు, లేత రంగుల మధ్య స్పాంజి ముక్కతో అద్దాలి, కుంచెతో గీస్తే గీత పడుతుంది.

ఈకల సంగతి. ఒళ్ళంతా పొలుసులే. భుజం మీద పెద్ద పొలుసులు గుంపులు గుంపులుగా, వాటి మధ్య చిన్నవి. పొట్ట మీద నలుచదరపు పొలుసులు అడ్డ వరసల్లో. తడి మక్కు మీద దోమతెర గుడ్డ అద్దితే పొట్టకి సరిపోతుంది, వీపుకి మాత్రం అలా చేయకండి, గళ్ళచొక్కాలా వస్తుంది. అక్కడ అయిపోయిన రీఫిల్ కొనతో ఒక్కోటి నొక్కాలి. పొట్ట మధ్యలో నిలువుగా సన్నటి బొడ్డు మచ్చ ఒకటి గీయండి. గుడ్డులో సొన సంచికి పిల్ల అంటుకుని ఉన్న చోటు అది. 2022లో లేజర్ వెలుగులో ఫొటోలు తీసి గుర్తుపట్టారు. వెనక కాళ్ళ వెనుక, తోక మొదలు దాకా చర్మపు మడత ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు.

తోక మీది ఈనెలు సుమారు వంద, నిజ జంతువులో 16 సెం.మీ. పొడవు. ఒక్కోటి లోపల బోలుగా ఉండే గొట్టం. తోక పొడవునా కాదు, మొదటి భాగంలో పైన మాత్రమే. విడివిడిగా కాదు, మూడు నుంచి ఆరు కలిసిన కుచ్చులుగా చర్మంలోకి లోతుగా దిగి ఉంటాయి. మీ స్కేలుకి 4 సెం.మీ. ముక్కలు. చీపురు ఈనెలు నిలువెత్తు బొమ్మకైతే బ్రహ్మాండంగా సరిపోతాయి, ఈ సైజుకి మరీ లావు. గాలానికి వాడే నైలాన్ దారం తీసుకోండి.

బొమ్మలబడి:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇసుక కొలత, చెట్టు కింద ఫొటోలు తప్పకుండా చేయిస్తాం. ఇంకో మూడు సందేహాలు.

ఒక పెద్ద సిట్టకోసారస్ 34 పిల్లల్ని గూట్లో కాపాడుతూ చనిపోయిన శిలాజం ఉందని చదివాం. పెద్దదాని చుట్టూ పిల్లల్ని పెడితే? అడుగుబల్ల మీద పచ్చగడ్డి పరచి, చెట్టు మీద మైక్రోరాప్టర్ అనే నాలుగు రెక్కల చిన్న డైనోసార్‌ని పెట్టొచ్చా? లేబుల్ మీద "ట్రైసెరటాప్స్ పూర్వీకుడు" అని రాయొచ్చా?

లుజియాటున్:

మూడిటికీ వద్దనే చెప్పాలి, కారణాలు ఇవి.

34 పిల్లల శిలాజం నిజమే. 2004లో ప్రచురించారు, అప్పట్లో తల్లో తండ్రో పిల్లల్ని సాకుతోందని రాశారు. తర్వాత 2013, 2014ల్లో తిరిగి పరిశీలించినప్పుడు ఆ పెద్ద తల నాలుగైదేళ్ళదని, ఇంకా పిల్లలు పెట్టే వయసే కాదని తేలింది. అంటే అమ్మ కాదు, మహా అయితే అక్కో అన్నో అనుకోవచ్చు. మీకు గుంపే కావాలంటే లుజియాటున్‌లో ఇంకో మంచి ఆధారం ఉంది: ఆరు పిల్లలు ఒకే చోట, ఐదు రెండేళ్ళవి, ఒకటి మూడేళ్ళది. పెద్దవి లేవు. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి తిరిగేవని దీన్నిబట్టి గట్టిగా చెప్పొచ్చు. ఇవన్నీ నాలుగు కాళ్ళ మీద ఉండాలి, శిలారేఖ గారు చెప్పిన కారణం వల్లే. కానీ ఆరు బొమ్మలంటే పని ఆరు రెట్లు. పెద్దదాని పక్కన అప్పుడే పుట్టినదాన్ని ఒక్కటి పెట్టి సైజు తేడా చూపిస్తే చాలు. మంగోలియెన్సిస్ పసికూనలు నిజంగానే చాలా చిన్నవి, మీ స్కేలుకి కొన్ని సెంటీమీటర్లే వస్తాయి. పక్కన వయసు రాయండి, లేకపోతే నాలుగు కాళ్ళ బొమ్మ వేరే జంతువనుకుంటారు.

పచ్చగడ్డి తీసేయండి. లియావోనింగ్ పొరల్లో కోనిఫర్లు (పైన్ లాంటి చెట్లు), జింకో చెట్లు, ఫెర్న్‌లు ఉంటాయి, పూలమొక్కలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పచ్చిక బయళ్ళు లేవు. నేల మీద ఎండుటాకులు, నాచు, ఫెర్న్ ఆకులు పరచండి. తాటి, కొబ్బరి లాంటివీ వద్దు. అక్కడ వాతావరణం చల్లన, ఏడాది సగటు 10 డిగ్రీల దగ్గర అని పళ్ళలోని ఆక్సిజన్ ఐసోటోపులనుబట్టి (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల పాళ్ళనుబట్టి) 2011లో లెక్కగట్టారు. వేడి అడవి అనుకుని చెమటలు కక్కే తడి దృశ్యం చేస్తే తప్పు.

మైక్రోరాప్టర్ దొరికేది జ్యూఫోటాంగ్ అనే రాతిపొరల్లో, సుమారు 12 కోట్ల ఏళ్ళ కిందటివి. లుజియాటునెన్సిస్ ఉన్న యిషియన్ పొరలు దానికన్నా ముందువి. అదే రాష్ట్రం అయినంత మాత్రాన ఒకే కాలం కాదు.

దాని బదులు రెపెనోమామస్ పెట్టండి. పిల్లి సైజు దాటిన పాలిచ్చే జంతువు. 2005లో ఒకదాని కడుపులో సిట్టకోసారస్ పిల్ల ఎముకలు కనిపించాయి. 2023లో వచ్చిన శిలాజం ఇంకా ఆశ్చర్యం, శిలారేఖ గారు చెప్పిన 119.6 సెం.మీ. సిట్టకోసారస్ అందులోదే. రెండు జంతువులూ పెనుగులాడుతూనే బురదలో కూరుకుపోయాయి. రెపెనోమామస్ పొడవు 46.7 సెం.మీ., బరువు 3.43 కిలోలు. డైనోసార్ బోర్లా పడి ఉంది, కాళ్ళు రెండు పక్కలా మడిచి. రెపెనోమామస్ దాని మీదికెక్కి, ఎడమ చేత్తో దాని కింది దవడని పట్టుకుని, పళ్ళు పక్కటెముకల్లో దించింది. అతికించిన దొంగ శిలాజమేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుందని, రెపెనోమామస్ దవడ మొదలు దగ్గర రాయి తొలిచి, అది నిజంగానే పక్కటెముకల కిందికి దిగి ఉందని చూపించారు. మీ స్కేలుకి రెపెనోమామస్ 11.7 సెం.మీ., ఇసుక కొలతలో 54 మిల్లీలీటర్లు. ఈ భంగిమ చేస్తే ఇంకో లాభం: డైనోసార్ పడుకుని ఉంటుంది కాబట్టి నిలబెట్టే తంటా లేదు, చేత్తో తడిమినా ఏమీ కాదు. కాకపోతే నడక, చెట్టు నీడ ప్రయోగం చూపించడానికి నిలబడ్డ బొమ్మే కావాలి. రెండిట్లో ఒకటి తేల్చుకోండి.

"బురదలో కూరుకుపోయాయి" అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. లుజియాటున్ జంతువులన్నీ అగ్నిపర్వతం పేలి ఒక్క దెబ్బకి పోయాయని చాలాచోట్ల రాసి ఉంటుంది. 2024లో పాల్ ఓల్సెన్ బృందం దీన్ని ప్రశ్నించింది. చెక్కుచెదరకుండా మడుచుకుని దొరికిన అస్థిపంజరాలు బొరియలు కూలి చనిపోయినవి కావచ్చని వాళ్ళ వాదన. పోస్టరు మీద "పాంపే" (అగ్నిపర్వతం కింద పూడిపోయిన రోమన్ నగరం) అని పెద్దక్షరాలతో రాయకండి, రెండు అభిప్రాయాలూ చెరో వాక్యం రాయండి.

ట్రైసెరటాప్స్ మాట. రెండూ కొమ్ము డైనోసార్ల వంశమే, రోస్ట్రల్ ఎముకే దానికి గుర్తు. కానీ పూర్వీకుడు కాదు, తొలినాళ్ళలోనే విడిపోయిన పక్క కొమ్మ. రుజువు చేతి వేళ్ళల్లోనే ఉంది: ట్రైసెరటాప్స్‌కి ఐదు, సిట్టకోసారస్‌కి నాలుగు. పోగొట్టుకున్న వేలు వారసుల్లో మళ్ళీ మొలవదు. కాలంలో కూడా లుజియాటునెన్సిస్‌కీ ట్రైసెరటాప్స్‌కీ మధ్య ఐదున్నర కోట్ల ఏళ్ళ పైనే ఎడం. "దూరపు చుట్టం" అని రాయండి. చేతిని స్పష్టంగా చేస్తే న్యాయనిర్ణేతలు అడిగినప్పుడు పిల్లలు బొమ్మ చెయ్యి చూపించే చెప్పొచ్చు.

శిలారేఖ:

లుజియాటున్ గారి మాటకి చిన్న చేర్పు. బొమ్మ ఒక పక్క కడుపు తెరిచి చూపించాలనుకుంటే గులకరాళ్ళు పెట్టండి. కొన్ని అస్థిపంజరాల్లో కడుపు చోట 50కి పైగా చిన్న రాళ్ళు దొరికాయి. దాని పళ్ళు ఒకదానికొకటి రాసుకుని పదునెక్కుతాయి, ఆకుని కత్తిరించగలవు, పిండి చేయలేవు. ఆ పని కోడి కందనకాయలో లాగా లోపలి రాళ్ళు చేసేవి. 2010లో గోబియెన్సిస్ అనే జాతిని వర్ణించినప్పుడు పాల్ సెరెనో బృందం ఈ రాళ్ళని, బలమైన ముక్కుని చూసి గట్టి గింజలు, కాయలు కూడా తినేదని అభిప్రాయపడింది. ఆవగింజంత కంకర 50 ముక్కలు లెక్కపెట్టి అతికిస్తే చాలు.

హైదరాబాద్ వెళ్ళే వీలుంటే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం పిల్లలకి చూపించండి. అది జురాసిక్ కాలంది, పొడుగు మెడ రకం, మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికింది. సిట్టకోసారస్‌తో దానికి చుట్టరికం లేదు. అయినా తుంటి ఎముక మీద బరువెలా నిలుస్తుందో, వెన్ను ఎక్కడ మొదలై తోక ఎక్కడ మొదలవుతుందో నిలబెట్టిన ఎముకల్లో ఒకసారి చూస్తే తీగ వంచడం తేలికవుతుంది.

మక్కుపని:

నైలాన్ దారం గురించి ఒక జాగ్రత్త. ఆరిన మక్కుకి పైపైన జిగురుతో అంటిస్తే నాలుగు చేతులు తగిలేసరికి ఊడిపోతాయి. చర్మం పూత పచ్చిగా ఉండగానే దబ్బనంతో 8 మి.మీ. లోతు కన్నాలు పొడవండి, తోక మొదటి భాగంలో వెన్ను వెంబడి పాతిక దాకా. ఆరాక కన్నాలు కొంచెం బిగుస్తాయి కాబట్టి మళ్ళీ ఒకసారి దబ్బనం దింపి సరిచేయండి. దారాన్ని 4.8 సెం.మీ. ముక్కలుగా కోస్తే లోపలికి 8 మి.మీ. పోయి పైన 4 సెం.మీ. మిగులుతుంది. నాలుగేసి ముక్కల మొదళ్ళు గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీలో ముంచి కన్నంలో దించండి. నున్నటి నైలాన్‌ని అలా రుద్దకపోతే ఎపాక్సీ కూడా పట్టదు. ఒళ్ళంతా రంగు, వార్నిష్ అయిపోయాకే ఈ పని పెట్టుకోండి. ముందే పెడితే స్పాంజి తగిలి కుచ్చులన్నీ ఒక పక్కకి వాలి, రంగు అంటుకుని ముద్దవుతాయి. చుట్ట నుంచి తీసిన దారం వంకర పోకుండా, కోసేముందు వేడి నీళ్ళలో ఒక నిమిషం ఉంచి, సాగదీసి రెండు మేకుల మధ్య కట్టి ఆరబెట్టండి.